ఆస్బెస్టాస్: నిల్

2019 మార్చి 3, ఆదివారం

ఖతార్‌లో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలోని సైటుకు వచ్చి వారం. రెండంతస్తుల పాత బిల్డింగు. దీన్ని కూల్చి హోటల్ కడతారట, వరల్డ్ కప్‌కు వచ్చేవాళ్ళ కోసం. నేను వేస్ట్ కోఆర్డినేటర్ని. కాంక్రీటు ఒక తొట్టిలో, ఇనుము ఒక తొట్టిలో, కర్ర ఒక తొట్టిలో పడేలా చూడాలి. తొట్లకు రంగులు కూడా నేనే వేయించాను. ఫోర్‌మన్ రాజేందర్ జగిత్యాల వాడు. అన్నీ ఒకే తొట్టిలో పోయిస్తాడు. ఇవాళ అడిగితే, కూలగొట్టినంక అంతా మట్టే గద సారూ అన్నాడు. పదిమంది నవ్వారు. వెనక నన్ను చెత్త సారు అంటారని తెలుసు.

వీణ్ణి వదలను.

మార్చి 6

రాజేందర్‌కు వార్నింగ్ లెటర్ ఇచ్చాను. చదవకుండా మడిచి బీడీలా చెవి వెనక పెట్టుకున్నాడు.

మార్చి 10, ఆదివారం

మేడ మీద షెడ్డుకు సిమెంటు రేకులున్నాయి. ముప్పై ఏళ్ళ నాటివి. విరిగిన మూల దగ్గర నార కనిపిస్తోంది. ట్రైనింగులో ఫొటో చూపించారు, అచ్చం అదే. చెత్త బయటికి పంపే ముందు నేను నింపే ఫారంలో ఆస్బెస్టాస్ అని ఒక గడి ఉంది. ఉంటే ఉందని రాయాలి, లేకపోతే నిల్. ప్రాజెక్ట్ మేనేజర్ రత్నాకర్ గారికి ఫోన్ చేశాను. ఉందని రాస్తే పని ఆగుతుంది, అవి తీయడానికి వేరే కంపెనీ రావాలి, నెల పోతుంది, దానికంటే ముందు నువ్వు ఇంటికి పోతావు అన్నారు. మర్యాదగానే అన్నారు.

నిల్ రాశాను. కింద జనరేటర్ అని ఇంకో గడి, అంటే ఆ చెత్త ఎవరి వల్ల పుట్టిందో వాళ్ళ పేరు. అక్కడ ఎప్పుడూ కంపెనీ పేరే. సంతకం: సి. తిరుపాలు. ఈసారి సంతకం కుదురుగా వచ్చింది.

మార్చి 12

రాజేందర్ మంచి ప్లైవుడ్ షీట్లు పక్కన దాచాడు. క్యాంపులో వంటషెడ్డు కప్పుకట. మా అందరిదీ ఒకే క్యాంపు, ఒకే వంట. ఫొటో తీసి, వాడి ఎదురుగానే కర్ర తొట్టిలో వేయించాను. ఏది ఏ తొట్టిలో అన్న ప్లాన్ ప్లానే. ఖతార్ వచ్చాక ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

మార్చి 13, మధ్యాహ్నం

రాజేందర్ వచ్చాడు. మొదటిసారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కట్టె వద్దంటివి, గీ రేకులన్న తీస్కపోవచ్చునా సారూ అన్నాడు. అవేం రేకులో నాకు తెలుసు. చెబితే నా నిల్ బయటపడుతుంది, నా ఉద్యోగం పోతుంది. మామూలు రేకులే, తీసుకుపో అన్నాను.

డైరీలో అబద్ధం ఎందుకు. భయం ఒక్కటే కాదు. వాడు నన్ను అడుక్కోవడం బాగుంది.

మార్చి 15, శుక్రవారం

వంటషెడ్డు మీద ఆరు రేకులు ఎక్కాయి. రాజేందర్ అక్కడే కోత గ్రైండర్‌తో కోశాడు. తరిగిన ఉల్లిపాయల మీద తెల్లటి పొడి పడింది. వంట చేసే లస్మయ్య, పెద్దాయన, ఉఫ్ అని ఊదేసి గిన్నెలో వేశాడు. వీళ్ళకేం భయం? అందరి ఊళ్ళోనూ ఇళ్ళ మీద ఆ రేకులే. ప్రొద్దుటూరులో మా ఇంటి మీదా అవే. కదలకుండా ఉన్నంతసేపు ఏమీ చేయవు. కోస్తేనే పొడి ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ళకు బయటపడుతుందట. అప్పటిదాకా దగ్గు కూడా రాదట.

నేను తినలేదు.

మార్చి 16

బయటి హోటల్లో పరోటా.

మార్చి 17

పరోటా.

మార్చి 20

నా కూర మంచిగ లేదా సారూ అని లస్మయ్య అడిగాడు. కడుపు బాలేదన్నాను. ముప్పై ఎనిమిది మంది ఆ రేకుల కింద కూర్చుని తింటున్నారు. వాళ్ళను దాటుకుంటూ పరోటాకు వెళ్ళాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా వెళ్ళాను.

మార్చి 22, శుక్రవారం, సాయంత్రం 4

జరిగింది జరిగినట్టే రాస్తాను.

స్నానం చేసి వచ్చేసరికి నా గుమ్మం మీద నీడ. నిచ్చెన మీద రాజేందర్. మిగిలిన రెండు రేకులు నా గది గుమ్మం పైన ఎండకు అడ్డంగా బిగిస్తున్నాడు. సారు తింటలేడు, పడమటి ఎండకు నిద్ర పడ్తలేదో ఏమో అని లస్మయ్య చెప్పాడట. డ్రిల్లు తిరుగుతోంది. తెరిచిన తలుపులోంచి పొడి నా దిండు మీద రాలుతోంది.

దించరా అని అరిచాను. నిచ్చెన పట్టి లాగాను. కిందికి దూకి నా కాలర్ పట్టుకున్నాడు. మంచి జేసినా మండుతదా నీకు అన్నాడు. మా అమ్మను కలిపి ఒక మాట అన్నాడు. నేనూ అన్నాను. జనం చేరారు. అప్పుడు చెప్పేశాను, అది ఆస్బెస్టాస్ అని, ఆ పొడి ప్రాణం తీస్తుందని.

నవ్వాడు. మా నాయిన ముప్పయేండ్ల సంది గీ రేకుల కిందనే పంటుండు అన్నాడు. కదలని రేకు వేరు, కోసిన రేకు వేరు అన్నాను. నవ్వు ఆగింది.

మరి నేనడిగిననాడు మామూలు రేకులేనంటివి గద, అన్నాడు. మెల్లగా.

కాలర్ వదిలేశాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

ఎట్ల తియ్యాలె అని లస్మయ్య ఒక్కడే అడిగాడు. తడపాలి, విరగ్గొట్టకూడదు, ప్లాస్టిక్‌లో చుట్టాలి అని చెప్పాను. మొదటి రోజే చెప్పాల్సిన ముక్క.

మార్చి 23, ఉదయం 6

తలుపు తీస్తే ఎనిమిది రేకులూ నా గుమ్మానికి ఆనించి ఉన్నాయి. తడిపి, ప్లాస్టిక్‌లో చుట్టి, టేపు వేశారు. పైన నా వార్నింగ్ లెటర్ అంటించారు. దాని వెనక రాజేందర్ రాత: నీ చెత్త, నువ్వే ఉంచుకో.

మార్చి 24, ఆదివారం

రత్నాకర్ గారికి చెప్పాను. ఎవరైనా ఫొటోలు తీశారా అని మాత్రం అడిగారు. రేకులు ముక్కలు చేసి కాంక్రీటు తొట్టిలో కలిపేయమన్నారు.

రాజేందర్ నా వైపు చూడడు. సైటులో కర్ర కర్ర తొట్టిలో, ఇనుము ఇనుము తొట్టిలో. ఒక్క మేకు కూడా తప్పు పడలేదు. ఇంత కక్షగా నా మాట ఎవరూ వినలేదు.

మార్చి 25

ఫారం మళ్ళీ నింపాను. ఆస్బెస్టాస్: ఉంది. ఎనిమిది రేకులు. ఉన్న చోటు: క్యాంపు, నా గుమ్మం. జనరేటర్: సి. తిరుపాలు. రత్నాకర్ గారికి చూపకుండా, నేరుగా హోటల్ కట్టించే క్లయింటుకు పంపాను.

దగ్గు లేదు. అయినా ఒకసారి దగ్గి చూసుకున్నాను.