కాలు విరిగినవాడి కథ

బుధవారం, కోరుట్ల

ఖోఖో ప్రాక్టీసు అయ్యాక పిల్లలకు నా పాత కథే చెప్పాను, కాలు విరిగినా ఆగకుండా పరిగెత్తి గెలిచినవాడి కథ. ఒకప్పుడు దీనికి చప్పట్లు మోగేవి. ఇప్పటివాళ్లు ఫోన్లో చూసే కథల్లో హీరోలు ఏడుస్తారు, ఆట మధ్యలో తప్పుకుంటారు. మూడో తరగతి శాన్వి అడిగింది.

"గంత నొప్పి లేస్తే వాళ్ల సార్‌కు చెప్పొద్దా? చెప్తే సార్ ఆపుతుండె గదా."

అందరూ తలలూపారు.

మొన్న సిరిసిల్ల బస్టాండులో లావణ్య కనబడింది, నా మొదటి టీము పిల్ల. ఇంకా కుంటుతోంది. "మీ కథ మా బిడ్డకు గూడ చెప్తున్న సార్" అని నవ్వింది.

ఆ టీము ఆడిన ఫైనల్‌కు ముందు తను వాచిన మోకాలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నేను ఈ కథ చెప్పి ఆటలోకి పంపాను.

శాన్వీ, లావణ్య వాళ్ల సార్‌కు చెప్పిందమ్మా.