అనసూయమ్మ ఎందుకు పరిగెత్తింది

సికింద్రాబాద్, వెస్ట్ మారేడ్‌పల్లి నివాసి, రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన కీర్తిశేషులు దొంతుల రాములు గారి భార్య, అరవై ఆరేళ్ల అనసూయమ్మ అను నేను, కుడి మోకాలు తప్ప మిగతా శరీరమూ బుద్ధీ సక్రమంగా ఉండగా, ఎవరి బలవంతమూ, ప్రేరేపణా లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. ప్రేరేపణ లేదని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పదిహేడేళ్లుగా కనిపించిన ప్రతివాళ్లూ నా ప్రేరణ ఏమిటని అడుగుతూనే ఉన్నారు.

వచ్చే నెల హిమాచల్‌లో పదహారు వేల అడుగుల ఎత్తున్న ఒక కనుమ దాటడానికి పోతున్నాను. నా ఒక్కగానొక్క కొడుకు దయాకర్ "ఈ వయసుల నీకు గుట్టలెందుకమ్మా? జెర ఇంట్ల కూసోరాదు?" అన్నాడు. తిరిగి రాకపోతే జవాబు చెప్పే వీలుండదు కనుక, ఆస్తితో పాటు జవాబు కూడా ఇందులోనే రాస్తున్నాను. దీన్ని అమలుపరిచే బాధ్యత మా పై వాటాలో ఉండే వకీలు కామాక్షి గారిది. మొదటి చిత్తు చదివి ఆమె "ఇది వీలునామా అండీ, ఆత్మకథా?" అన్నారు. అయినా నేను ఒక్క ముక్క కూడా కొట్టేయనివ్వలేదు.

1. నా ఆరు స్టీలు చాయ్ గ్లాసులు నా ఆడబిడ్డ స్వర్ణలతకు చెందాలి. 2009 జూన్‌లో ఆమె పది రోజుల విశ్రాంతికని మా ఇంటికి వచ్చి నాలుగు నెలలు విశ్రమించింది. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా ఒకరికి అల్లం చాయ్, ఒకరికి పాలు తక్కువ, ఆమెకు మాత్రం రెండుసార్లు. ఒకరోజు డేవిడ్ రాజు గారి బూత్‌లో పాల ప్యాకెట్లు కొన్నాను. ఇంటివైపు తిరగాల్సిన కాళ్లు తిరగలేదు. అల్వాల్ దారి పట్టుకుని పోతుంటే తిరుమలగిరి దగ్గర కుక్క వెంటపడింది. పరిగెత్తాను. కొంత దూరం పోయాక కుక్క ఆగింది. నేను ఆగలేదు.

ఎనిమిదిన్నరకు విరిగిన పాలతో ఇల్లు చేరితే మా ఆయన "ఏడికి పోయినవే? అందరం పరేషాన్ అయినం" అన్నాడు. నోటికి వచ్చింది చెప్పాను. నాకు షుగర్ వచ్చిందనీ, రోజూ రెండు గంటలు బయట తిరగమని డాక్టర్ చెప్పాడనీ. ఎవరో కుర్చీ వేశారు. ఇంటావిడకు ఒక ఇష్టం ఉందంటే వినేవాళ్లు ఉండరు. రోగం ఉందంటే ఇంటిల్లిపాదీ సర్దుకుంటుంది.

నాకు షుగర్ లేదు. ఎప్పుడూ లేదు. ఆ అబద్ధం కోసం పదిహేడేళ్లు చప్పటి చాయ్ తాగాను. దయాకర్ పెళ్లిలో స్వర్ణలత నా ఎదురుగా కూర్చుని "నీ పాలుది సుత నేనే తింటున్న వదినె" అంటూ నాలుగు లడ్డూలు తిన్నది. ఆ లడ్డూలను నేను మరవలేదని ఆమెకు తెలియజేయాలి.

2. నా ముప్పై ఒక్క మెడల్స్ సైనిక్‌పురిలో రన్నింగ్ క్లబ్ నడిపే సత్యదేవ్ గారికి. ఫీజు కట్టి చివరిదాకా వచ్చిన ప్రతివాళ్లకూ ఇచ్చేవే కనుక వీటికి గొడవపడేవాళ్లు ఉండరు. "శిఖరం మనలోనే ఉంది" అని ఆయన ప్రతి ఆదివారం చెబుతారు. లోపలే ఉంటే కొండలకు రైలు టికెట్లెందుకని నేను ఎన్నడూ అడగలేదు. ఒకసారి స్టేజీ మీద మైకు ఇచ్చి నా మోటివేషన్ అడిగారు. ఆరోగ్యం, మహిళాశక్తి అన్నాను. చప్పట్లు మోగాయి. ఆరు గ్లాసుల చాయ్ అంటే మోగేవి కావు.

3. మా ఆయన ఉన్ని మఫ్లర్ ఎవరికీ రాయడం లేదు. అది నాతో వస్తుంది.

2016లో మొదటిసారి హిమాలయాలకు పోయాను. పన్నెండు వేల అడుగుల దగ్గర దయాకర్ ఫోన్ చేసి కుక్కర్ గాస్కెట్ ఎక్కడుందని అడుగుతుండగా సిగ్నల్ పోయింది. మూడు రోజులు రాలేదు. అక్కడే బండ మీద కూర్చుని హాయిగా ఏడ్చాను. మంచుకొండల దర్శనంతో కన్నీళ్లు ఆగలేదని తర్వాత అందరికీ చెప్పాను. కన్నీళ్ల వరకు నిజం.

2019లో మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం అన్నాడు: "నీకు షుగర్ లేదని నాకెరుకే. నీ కంటి ఆపరేషన్ అప్పుడే రిపోర్ట్ జూసిన." అప్పటికి ఆ ఆపరేషనై ఎనిమిదేళ్లు. ఎందుకు అడగలేదన్నాను. "అడిగితే బంద్ చేస్తవని. ఉరికి ఇంటికొచ్చినప్పుడు నీ మొఖం మంచిగుంటుండె" అన్నాడు. పన్నెండు రోజులకు పోయాడు. ఆయన మీద నాకున్న పాత కోపాలన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అన్నీ తెలిసి ఎనిమిదేళ్లు నన్ను చప్పటి చాయ్ తాగనిచ్చిన కోపం మాత్రం అట్లాగే ఉంటుంది.

4. నా పేరున ఉన్న కింది వాటా దయాకర్‌కూ, నా కోడలు కల్పలతకూ చెరి సగం. దీనికి ఒక షరతు ఉంది.

మొన్న సంక్రాంతి అయిన వారం నుంచి కల్పలత తనకు బీపీ ఉందని చెప్పి సాయంత్రాలు ఈతకు పోతున్నది. డాక్టర్ నీళ్లలో ఉండమన్నాడట. ఉప్పు లేని కూర తింటున్నది. ఆమె రిపోర్ట్ ఫ్రిజ్ మీద కనిపిస్తే చదివాను. బీపీ నాకంటే మంచిగా ఉంది. మూడు నెలలు నోరు మూసుకుని, మా ఆయన లాగే నేనూ గొప్ప మనసు చూపిస్తున్నాననుకున్నాను. నిన్న ఆమె చప్పటి పప్పు కలుపుకుని మింగలేక నీళ్లు తాగుతుంటే సిగ్గేసింది.

కాబట్టి కల్పలత రోజుకు రెండు గంటలు తనకు ఇష్టమైన చోటికి పోవచ్చు. రోగం చూపించనక్కరలేదు. కారణం చెప్పనక్కరలేదు. ఎవరైనా అడిగితే ఆ నెలంతా ఇంటి వంట దయాకర్‌ది. వీలునామా అనేది రాసినవాళ్లు పోయాకే అమల్లోకి వస్తుందని కామాక్షి గారు అంటున్నారు. మిగతా క్లాజులు అట్లాగే ఆగనీయండి. ఇది మాత్రం ఈ రాత్రి భోజనం నుంచే అమలు. పప్పులో ఉప్పు నేనే వేస్తాను.

తేదీ: 19 ఏప్రిల్ 2026, సికింద్రాబాద్
(సంతకం) దొంతుల అనసూయమ్మ

సాక్షులు:
1. డేవిడ్ రాజు, పాల బూత్, మారేడ్‌పల్లి (సాక్షికి ఏమీ రాయకూడదట, లేకుంటే రాసేదాన్ని)
2. ఎలీనా, నర్సు, అల్వాల్ (మా రన్నింగ్ క్లబ్)