ఫ్రీజర్లో పిన్ను

డెస్,

మీ అన్న బండిని తీసుకుపోవడానికి శనివారం ట్రైలర్ తెస్తానన్నావు. అక్కర్లేదు. హెల్మెట్ తెచ్చుకో, నడుపుకుంటూ వెళ్లిపోవచ్చు.

ఆయన అంత్యక్రియలప్పుడు మా బ్రోకెన్ హిల్ ఊళ్లో సగం మంది వండి తెచ్చి ఇచ్చినవే ఇన్నాళ్లూ తింటూ వచ్చాను. ఏది తిన్నా రుచి తెలియలేదు. నిన్న ఫ్రీజర్లోంచి ఆఖరి డబ్బా తీస్తే, దాని వెనక బ్రెడ్డు కవర్లో చుట్టిన పిస్టన్ పిన్ను కనిపించింది. చల్లబడితే కాస్త సన్నబడి పిస్టన్ రంధ్రంలోకి సులువుగా దూరుతుందని ఆ రాత్రి మీ అన్నే పెట్టాడు. "పొద్దున్నే బిగిస్తా. బఠాణీలనుకుని వండేసేవు!" అన్నాడు. పొద్దున్న లేవలేదు.

పిన్ను చూసినా నాకు ఏడుపు రాలేదు. అది వేడెక్కేలోగా పని కానివ్వాలనిపించింది, అంతే. వేడికి రంధ్రం కాస్త పెద్దదవుతుందని కొత్త పిస్టన్‌ని ఓవెన్లో పెట్టాను. వాసనకి పక్కింటి లొరెయిన్ వచ్చింది.

"ఏంటే, ఏం మాడబెడుతున్నావు?"

"పిస్టన్."

"మీ ఆయన పోయినా నీ ఓవెన్‌కి విముక్తి లేదన్నమాట!"

పిన్ను బొటనవేలితో నెడితే దూరిపోయింది. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ గొట్టం వైపే ఉంచాను. ఇన్నేళ్లు పక్కన నిలబడి టార్చి పట్టినదాన్ని, ఆ మాత్రం తెలియదా? సిలిండర్, హెడ్డు ఎక్కించి బిగించాను.

బండెక్కి కాసేపు కిక్కు తన్నాక ఇంజను అందుకుంది. ఆ చప్పుడు చెవిన పడగానే, "ఇక ఆపవయ్యా, టీ చల్లారిపోతోంది!" అని ఎప్పటిలాగే గట్టిగా అరిచాను.

అరిచాక చూసుకున్నాను. బండి మీద ఉన్నది నేను. ఇంట్లో టీ పెట్టినవాళ్లు ఎవరూ లేరు.

నీ వదిన