తీసేసిన నంబర్లు

జూన్ 2

వాన లేదు. గాలి మాత్రం ఉంది. ఉరవకొండ మొత్తం దుమ్ము. జిరాక్సు షాపు షట్టరు సగం దించుకుని కూర్చున్నాను.

గ్రూపులో పొద్దుటి నుంచి ఒకటే ప్రశ్న — ఊరూరి వాన రాసుకునే మన సాఫ్ట్‌వేర్‌లో రైతుల ఫోన్ నంబర్లు ఏమయ్యాయని. ఊరు ఉంది, పడిన వాన ఉంది, కొలిచినవారి పేరు ఉంది. నంబరు గడి లేదు. ఓపెన్ సోర్స్, కోడ్ ఎవరైనా చూడొచ్చు కాబట్టి మార్పు అందరికీ కనిపిస్తుంది. చేసింది దాన్ని రాసిన ఖాజాయే అని కూడా కనిపిస్తుంది. ఎందుకు చేశాడో ఎక్కడా లేదు.

నాకు తెలుసు. పోయిన వారం గుంతకల్లులో, అతను రైల్వే డ్యూటీ దిగాక, టీ తాగుతూ అనుకున్నాం. విత్తనాల కంపెనీ మనిషి ఎవరో నంబర్లు అడిగాడట. "మన దగ్గర ఉంటేనే కదన్నా అడిగేది. తీసేస్తా." తీసెయ్ అన్నాను. అంతే. మా పనులన్నీ ఇలాగే తేలతాయి — టీ దగ్గర, లేకపోతే ఫోన్లో.

జవాబు రాయాలి.

జూన్ 3

రాయలేదు. షాపులో రద్దీ.

జూన్ 5

తనకల్లు నుంచి సుధాకర్ రెడ్డి ఫోన్. ఆ వైపు ఊళ్లలో వాన కొలిచేవాళ్లను కూడగట్టింది అతనే.

"ఏమప్పా, ఖాజా నంబర్లన్నీ కంపెనీకి అమ్మినాడంట గదా?"

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అనుకుంటాండారు. మావోళ్లకు పొద్దున లేస్తే విత్తనాలోళ్ల ఫోన్లే."

ఆ ఫోన్లు ఎప్పటి నుంచో వస్తున్నాయి. నాకూ వస్తాయి, సెంటు భూమి లేకపోయినా. జరిగింది చెప్పాను. "మరి ఆ పొద్దే అందరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. షాపులో రద్దీ అన్నాను.

జూన్ 6

నిన్న ఫోన్లో చెప్పిన మాట ఈరోజు గ్రూపులో ఇలా తేలింది — "కంపెనీ మనిషి ఖాజా దగ్గరికి వచ్చింది నిజమేనంట. ఉరవకొండాయనే ఒప్పుకున్నాడు."

అందులో సగం మాట నాది. మిగతా సగం ఎవరిదో.

జూన్ 8

తనకల్లు వైపు కొందరు వాన కొలిచి చెప్పడం ఆపేశారు. వాళ్లలో లక్ష్మీదేవక్క వాయిస్ మెసేజ్ — "నా నంబరు అమ్ముకోనీకి నేను తెల్లారే లేచి వాన డబ్బా చూడల్నా? తిక్కదాన్నా నేను?"

విత్తడానికి నేల తడిసే పదును వాన పడితే ఈ నెలలోనే. ఎక్కడ ఎంత పడిందో తెలియకపోతే, పక్క ఊళ్లో పడిందన్న మాట పట్టుకుని పొడి నేలలో శనక్కాయ విత్తేస్తారు. విత్తనం పోతుంది.

ఖాజా మెసేజ్ విన్నాడు.

జూన్ 9

కోడ్ మార్చే హక్కును ఖాజా తన పేరు మీద నుంచి తీసేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అదీ అందరికీ కనిపించింది. "చూసినారా, జారుకున్నాడు" — ఎవరో.

బస్సెక్కి గుంతకల్లు పోయాను. స్టేషన్ బయట టీ అంగడి.

"ఒక మాట రాయి ఖాజా. ఎందుకు తీసినావో."

"నేను దొంగను కాదని నేనే రాసుకోవల్నా? మా పాప పెండ్లిలో సుధాకర్ నిలబడి వడ్డించినాడన్నా. అడగనీకి ఆయప్పకు ఫోన్ లేదా?"

"అడగల్ల. నిజమే."

"నా పేరు ఇంకోటయింటే అడిగింటాడులే."

రెండు టీలకూ డబ్బులిచ్చి ఉరవకొండ బస్సెక్కాను.

జూన్ 10

రాశాను. గ్రూపులో కాదు, కోడ్ ఉన్న చోటే, అందరూ చూసే పేజీలో. కంపెనీ మనిషి ఏమడిగాడు, ఖాజా ఏమన్నాడు, నేనేమన్నాను.

కింద ఇంకో మాట. పని ఎక్కడ తేల్చుకున్నా, ఎందుకో అదే రోజు ఈ పేజీలో రాయాలి. ఎవరి మీదైనా అనుమానముంటే ముందు ఆ మనిషినే అడగాలి. అతని జవాబు రాకుండా గ్రూపులోకి తేకూడదు.

చదువుకుంటే పంచాయతీ నోటీసులా ఉంది. ఉండనీ.

జూన్ 12

లక్ష్మీదేవక్క మళ్లీ వాన చెప్పింది. సున్నా. వెనకే ఇంకో మెసేజ్ — "అమ్మినాడని మొదట కూసినోళ్ల నోరు ఇప్పుడు లేవదేమి?"



జూన్ 13

సాఫ్ట్‌వేర్‌లో రెండు ఊళ్ల వాన ఒకే ఊరి పేరు కింద పడుతోంది. లోపల ఏదో తప్పు. తెలిసినంతలో వెతికాను. ఖాజా రాసిన కోడ్ అది. నాకు అంతు పట్టదు.

ఖాజాకు ఫోన్ చేశాను.

"చదివినా అన్నా. బాగా రాసినావు."

"అయితే వస్తావా?"

"నువ్వు చెప్తే నమ్మినారు. నేను చెప్పింటే?"

రైలు కూత. డ్యూటీలో ఉన్నానని పెట్టేశాడు.

జూన్ 15

సుధాకర్ ఫోన్.

"ఏదో అయిపోయిందిలేప్పా. ఖాజాను రమ్మని చెప్పు. నువ్వు చెప్తే వింటాడు."

"నువ్వే చెప్పు. ఆ పేజీలో రాయి."

"అందరి ముందరా? ఒక ఫోన్ కొడితే పోయేదానికి... నేనే కొడతాలే కావాలంటే."

"అమ్మినాడన్నది అందరి ముందరే గదా, సుధాకర్."

అవతల ట్రాక్టరు స్టార్టు చేశాడు. "చూస్తాలే" అన్నాడు.

తూర్పున మబ్బు. ఈసారి కాస్త నల్లగానే ఉంది. తనకల్లు వైపు చినుకులంటున్నారు, ఏ ఊళ్లోనో తెలియదు.

పేజీ తెరిచాను. సుధాకర్ ఏమీ రాయలేదు. ఎవరో వచ్చి ఆధార్ జిరాక్సు కావాలన్నారు. తీసిచ్చి, మళ్లీ తెరిచాను.