కేబుల్ గుచ్చాల్సిన చోటు

అన్నయ్యా,

మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది అమ్మ, నానమ్మ, నువ్వు, నేను. కాబట్టి మన కొత్త కంప్యూటర్‌కి మానిటర్ కేబుల్ తప్పుగా గుచ్చింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అది మదర్‌బోర్డుకు కాదు, ఆటల్ని వేగంగా నడిపే గ్రాఫిక్స్ కార్డుకే ఉండాలి. మళ్లీ మార్చకు.

కంప్యూటర్‌కి రంగు లైట్ల డబ్బా మానేసి ఆ డబ్బుతో మంచి కార్డు కొందామన్నది నేనే. ఆట ఆగి ఆగి నడిస్తే, "నీ బోడి సెలక్షన్ ఇంతే" అన్నావు. నేను కేబుల్ మార్చగానే ఆటలో కారు దూసుకుపోయింది! నానమ్మ చప్పట్లు కొట్టి, "నోరులేని పిల్ల నీ నోరు మూయించిందిరా!" అంది.

ట్యూషన్‌కి వెళ్తున్నాను. వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉండాలి.

ఈ చీటీ తలుపు కింద నుంచి తోయాల్సి వచ్చింది. "నాకూ ఒక్క ఆట" అని అడిగేలోపే నా ముఖం మీదే తలుపేసేశావు.