ఆదివారం వాత పెట్టనివ్వద్దన్నా

కువైట్,
బుధవారం.

మునిరత్నం అన్నకు, చెల్లెలు రెడ్డెమ్మ దండాలు పెట్టి రాస్తున్నాను. కుప్పంలో నువ్వు, వదిన, పాప అందరూ బాగున్నారని తలుస్తాను. నేనిక్కడ బాగున్నానని మొదట రాయాలి కదా. ఒంటికైతే బాగానే ఉన్నాను. అంతకు మించి అబద్ధం రాయలేను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోవద్దు. సోమవారం నీకు రెండుసార్లు ఫోను చేసింది ఈ సంగతి చెప్పడానికే. నోరు రాలేదు. రెండుసార్లూ వదిన మోకాలి నొప్పి గురించి అడిగి పెట్టేశాను. అన్నతో చెల్లెలు మాట్లాడే మాటలు కావివి. అందుకే కాయితం మీద రాసి, ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతున్నాను. చదివాక చెరిపేయి. చదవకుండా మాత్రం ఉండొద్దు, నీకు పుణ్యముంటుంది.

మా చరణ్ గురించి రాస్తున్నాను. వాళ్ళ నాయన పోయాక వాణ్ణి పుంగనూరు పక్కన మన ఊళ్ళో అమ్మ దగ్గర వదిలి వచ్చి మూడేళ్ళయింది. వచ్చేటప్పుడు నా భుజం కిందికే ఉన్నాడు, మాట సన్నగా ఆడపిల్ల మాటలా ఉండేది. నాకు ఆ గొంతే గుర్తు. నెలన్నర కింద ఫోను చేస్తే ఎవరో మగమనిషి ఎత్తాడు. "ఎవురప్పా నువ్వు? మా ఇంట్లో నీకేం పని? ఫోను మా పిల్లోడికియ్యి" అని గట్టిగా అరిచాను. "నేనేమ్మా" అన్నాడు. ఆ రెండు మాటల్లోనే గొంతు ఒకసారి లావుగా, ఒకసారి కీచుగా పోయింది. నేనేం చేశాను? పకపకా నవ్వాను. "వీడి గొంతు సూడండమ్మా, కప్పను మింగినట్టుండాది" అన్నాను. స్పీకరు పెట్టి ఉంది. అమ్మ నవ్వింది, పక్కింటివాళ్ళు నవ్వారు. వాడు ఫోను కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నాతో ఒక్క మాట లేదు.

అప్పటినుంచి నాకిక్కడ ఏదీ బాగాలేదు. బయట ఎండ మండిపోతుంది, లోపల ఏసీకి కాళ్ళు చల్లబడిపోతాయి. నేను చూసుకునే ముసలామెకు స్నానం చేయించి, మందులిచ్చి, కుబ్బూస్ రొట్టె ముందు కూర్చుంటే గొంతు దిగదు. ఒక సంగటి ముద్ద, కాస్త చెనక్కాయల ఊరిబిండి ఉంటే అనుకుంటాను. తిండి సంగతి వదిలేయి, తింటున్నాను, దిగులు పడొద్దు.

మొన్న ఆదివారం అమ్మ చెప్పింది: "పిల్లోడు సొక్కా ఇప్పేదే లేదు. పంపుసెట్టు కాడికి స్నానానికి పోడు. బడికీ పోనంటాండాడు. నిన్న సూస్తే కుడిపక్క రొమ్ము కింద గడ్డ ఉండాది, సెయ్యి తగిలితే కేకలేస్తాండాడు. రామకుప్పం పక్క ఒగాయన పసుపుకొమ్ము కాల్చి వాత పెడతాడు. వచ్చే ఆదివారం పిల్చకపోతా." గడ్డ అనేసరికి ఏ పాడు రోగమో అనుకున్నాను. ఏం చేయాలో తెలియక "సరేమ్మా, పిల్చకపో" అన్నాను. అవునన్నా, సరే అన్నది నేనే. వాణ్ణి కన్నదాన్ని నేనే అన్నాను.

ఈ ఇంటికి ముసలామెను చూడడానికి ఒక కేరళ నర్సు సిస్టరు వస్తుంది. నేను ఏడుస్తుంటే ఏమని అడిగింది. వచ్చిన హిందీలో చెప్పాను. ఆమె భయపడలేదు, పైగా నా చేయి పట్టుకుని నవ్వింది. ఈ వయసులో మగపిల్లల్లో చాలామందికి రొమ్ము కింద చిన్న గడ్డలా వస్తుందట, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుందట. ఆమె కొడుకులిద్దరికీ వచ్చిందట. ఏమీ చేయకపోయినా ఏడాదికో రెండేళ్ళకో దానంతటదే పోతుందట. గొంతు మారడం, మొహం మీద మొటిమలు, చెమట వాసన, ఉన్నట్టుండి పొడవు పెరగడం, అయినదానికీ కానిదానికీ కోపం, అన్నీ ఆ వయసువే. మనసు కుదుటపడకపోయినా, గడ్డ పెరుగుతున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి గానీ కాల్చడం ఏమిటి, పుండుపడి చీము పడితే ఏం చేస్తావు అని నన్ను తిట్టింది.

వెంటనే అమ్మకు ఫోను చేశాను. "నువ్వే కదా సరే అనింది. ఇంగ యాల ఈ మాటలు? మీ అన్నకు వాతతోనే కదా పోయింది" అంది.

అక్కడే నాకు గుర్తొచ్చిందన్నా. నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలమంతా భుజం మీద తువ్వాలు తీయలేదు. బాయిలో ఈతకు పోలేదు. మేమంతా ఎగతాళి చేశాం. ఒకరోజు నిన్ను నడవలో పడుకోబెట్టారు. మేనమామ చేతులు పట్టుకున్నాడు. నన్ను కాళ్ళు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. నువ్వు "వదలండి, వదలండి" అని అరుస్తుంటే నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఇప్పటికీ నీ రొమ్ము మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. దాని గురించి నిన్ను ఒక్కరోజు కూడా అడగలేదు. దానంతటదే పోయేదాన్ని వాత పోగొట్టిందని ఇన్నేళ్ళూ నమ్మాం. నన్ను క్షమించన్నా.

నేను పెద్దమనిషినయినప్పుడు మేనమామ పచ్చి కొబ్బరాకులు తెచ్చి గుడిసె కట్టాడు. వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చి ఏం తినాలి, ఎట్లా ఉండాలి అని చెవిలో చెప్పిపోయారు. నీకు ఎవరు చెప్పారు? చరణ్‌కు ఎవరు చెప్పారు? వాడు తనకేదో మాయరోగం వచ్చిందని, అమ్మ కూడా నవ్విందని ఒక్కడే ఏడుస్తుంటాడు. తలుచుకుంటే నాకు పిచ్చెక్కుతోంది.

అమ్మ నిన్ను ఆదివారం రామకుప్పానికి రమ్మనే ఉంటుంది. పిల్లోడికి బాగాలేదు, మేనమామవి నువ్వే పట్టుకోవాలి అని ఉంటుంది. అన్నా, పట్టుకోవద్దు. ఆదివారం దాకా ఆగొద్దు కూడా. రేపు కుప్పంలో పొద్దున బస్సెక్కి, పలమనేరులో మారి, మన ఊరు చేరు. నా మాట అమ్మ వినదు, నీ ఒంటి మీద మచ్చ మాట వింటుంది. చొక్కా విప్పి ఆమెకు చూపించు. తర్వాత వాణ్ణి ఒక్కణ్ణే పక్కకు తీసుకుపోయి వాడికీ చూపించు. మామకూ ఇట్లాగే అయిందని చెప్పు. ఇంకా మగపిల్లలు తెలుసుకోవలసినవి ఉన్నాయట, అవి నేను రాయలేను, నువ్వే చెప్పాలి. తర్వాత మదనపల్లెకు తీసుకుపోయి పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించు. వస్తూ వాడికి రెండు వదులు చొక్కాలు కొనివ్వు, బిగుతువి వేసుకుంటే సిగ్గుపడతాడు.

నాకు ఈ ఇంటివాళ్ళు సెలవివ్వరు. ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు, మన నడవలో అడ్డంగా పడుకుని ఉండేదాన్ని.

అమ్మను కోపం చేయొద్దు, ఆమెకు తెలియదు. ఆమె కాళ్ళకు నా దండాలు చెప్పు. వదినను అడిగానని చెప్పు, పాపకు ముద్దులు. నువ్వు పెద్దవాడివి, నా బిడ్డకేమీ కాదని ఒక్కసారి దీవించు.

ఊరు చేరాక ఫోను వాడి చేతికిచ్చి నాకు చెయ్యి. స్పీకరు పెట్టొద్దు. వాడు ఏం మాట్లాడకపోయినా పెట్టేయొద్దు, నేను పట్టుకునే ఉంటాను. ఏ గొంతుతో "అమ్మా" అన్నా ఈసారి ఎవరని అడగను.

నీ ఫోను కోసం పడిగాపులు కాస్తున్న చెల్లెలు,
రెడ్డెమ్మ