సైదులు లేని చర్చ

ఆదివారం, నాచారం

సైదులును మనుషుల లెక్కలోంచి తీసేసింది నేనే. ఫ్యాక్టరీ యాజమాన్యం కాదు, నేను.

ఫ్యాక్టరీలో యాసిడ్ పడి అతని కాళ్లు కాలినప్పటి నుంచి మేమిద్దరం ఉండే గదంతా పుండు వాసన. నేను మేడ మీద పడుకుంటున్నాను. ప్రతి ఆదివారం గదిలో జరగాల్సిన మా కథల గ్రూపు చర్చను కూడా ఉప్పల్‌లోని టీకొట్టుకు మార్చాను. తెల్లారేసరికి పురుగైపోయిన మనిషి కథ ఇవాళ్టి చర్చ.

"ఇంట్లోళ్లు భయపడ్డరు గదన్నా, వాళ్ల తప్పేముంది?" అంది గ్రూపులోని స్వప్న.

బల్ల గుద్ది ఆమె మీద అరిచాను. మారింది ఒళ్లే, లోపల మనిషి అలాగే ఉన్నాడు, వాళ్ల మాటలన్నీ అతనికి అర్థమవుతున్నాయి, తలుపు మూసినవాళ్లే అతన్ని పురుగును చేశారన్నాను. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

గదికి తిరిగొచ్చి, ముక్కు మూసుకుని, సైదులు అన్నం పళ్లేన్ని గడప బయటి నుంచే లోపలికి తోశాను. అతను నవ్వాడు.

"కాళ్లే గదన్నా కాలినయి, చెవులు మంచిగనే ఉన్నయ్. మీటింగు ఈడ బెడితే నేను గూడ ఇంటుంటి."

ముందు సైదులుకు, తర్వాత స్వప్నకు క్షమాపణ చెప్పాలి.

గ్రూపులో ఇప్పుడే పెట్టాను: రేపు సాయంత్రం ఆరు గంటలకు, మా గదిలోనే, సైదులు మంచం చుట్టూ. అందరూ రండి.